వరుస తప్పిన ఖాతా

“పదకొండింటి దాకా టైమిస్తున్నాను, లల్లా రౌదా. ఆ తర్వాత వీణ్ణి ట్యూనిస్ తీసుకుపోతాను,” అన్నాడు వజ్దీ అయారి, తలుపుకి అడ్డంగా నిలబడి.

‘లల్లా’ అన్న ఆ గౌరవ పదంలో గౌరవం ఒక్కటే లేదు. రౌదా మెస్తీరి అతని భుజం పక్కనుంచి దూరి లోపలికెళ్ళి తలుపు వేసేసింది. స్ఫాక్స్ నేర పరిశోధన విభాగంలో ఆమె చాలా ఏళ్ళుగా ఇన్‌స్పెక్టర్. రాజధాని నుంచి సైబర్ నేరాలవాళ్ళు దిగినప్పుడల్లా ఇదే తంతు. ఆమె కూర్చునే గదిలో ఆమెకే గడువు పెడతారు.

గదిలో నిజార్ ఖమీరి చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. సాంకేతిక కళాశాలలో పాఠాలు చెప్పేవాడు. నర్సుల సంఘానికి మెయిల్ సర్వర్ కట్టిపెట్టిన పాపానికి నిన్న సాయంత్రం నుంచి ఈ కుర్చీలోనే ఉన్నాడు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, ఒక్కరోజులో పదేళ్ళు మీద పడ్డట్టు కనిపించాడు.

“కాఫీ ఇప్పిస్తారా మేడమ్? నిన్నటినుంచి ఆయన తాగుతుంటే చూస్తూ కూర్చున్నాను.”

రౌదా తలుపు తీసి కాఫీ కోసం కేక వేసింది. జేబులోంచి పొద్దుతిరుగుడు గింజలు తీసి బల్ల మీద పోసింది. సిగరెట్లు మానేసినప్పటినుంచి ఇదొకటి పట్టుకుంది. కూర్చోలేదు. ఈ నాలుగు రోజులుగా ఆమెకి కూర్చోవడం చేతకావడం లేదు.

సోమవారం పొద్దున ఉప్పుమళ్ళ గట్టు కింద ఎమ్నా శవం దొరికింది. ఆపరేషన్ థియేటర్ నర్సు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో నకిలీ మత్తుమందు వాడి రోగుల ప్రాణాలు తీశారని మేజిస్ట్రేటు ముందు చెప్పడానికి ఇద్దరు నర్సులు ఒప్పుకుంటే, వాళ్ళలో ఎమ్నా ఒకతె. రెండో అమ్మాయి జుహైనా. ఆ అమ్మాయిని ఆ రోజే రౌదా మహ్రెస్ అనే ఊళ్ళో, ఆ అమ్మాయి పిన్ని ఇంట్లో దాచింది. ‘నా నంబరు నుంచి వస్తే తప్ప ఫోన్ ఎత్తకు’ అని చెప్పి వచ్చింది. మేజిస్ట్రేటు వాంగ్మూలం తీసుకోవడానికి ఇంకా ఒక రోజుంది.

ఎమ్నాని ఉప్పుమళ్ళకి రప్పించింది ఒక ఈమెయిల్. సంఘం వాళ్ళు కొత్తగా పెట్టుకున్న సర్వర్ నుంచే వెళ్ళింది. పంపినట్టు కనపడ్డ పేరు విదాద్, ఎమ్నా ప్రాణస్నేహితురాలు. వజ్దీ ముందు విదాద్‌ని పట్టుకొచ్చాడు. ఎమ్నా చనిపోయిన వేళకి ఆమె థియేటర్‌లో డాక్టరుకి కత్తులందిస్తూ ఉందని గదినిండా జనం సాక్ష్యం చెప్పేసరికి వదిలేసి, సర్వర్ కట్టినవాడి మీద పడ్డాడు.

“మొత్తం ఎన్ని ఖాతాలు తెరిచావు?” అంది రౌదా.

“మూడొందల పన్నెండు. సంఘంలో ఎంతమంది నర్సులున్నారో అన్ని.”

“ఒక్కొక్కటే కూర్చుని తెరిచావా?”

“అలా అయితే పండక్కి కూడా ఇంటికి వెళ్ళేవాణ్ణి కాదు. పేర్లన్నీ ఒక ఫైల్లో పెట్టి నాలుగు లైన్ల ప్రోగ్రాం రాశాను. అది పైనుంచి కిందికి ఒక్కో పేరూ చదువుకుంటూ పోతుంది. ఖాతా తెరుస్తుంది, ఉత్తరాల పెట్టె పెడుతుంది, పాస్‌వర్డ్ వేస్తుంది, తర్వాతి పేరుకి పోతుంది. లినక్స్‌లో అదేం ఘనకార్యం కాదు. నేను మేడ దిగి సిగరెట్ తాగి వచ్చేసరికి అయిపోయింది.”

“పాస్‌వర్డ్ ఏం వేశావు?”

“ఎవరి సభ్యత్వం నంబరు వాళ్ళకి. మొదటిసారి తెరవగానే మార్చుకోవాలి.”

“అయితే విదాద్ మార్చుకునేలోపు ఆమె నంబరు తెలిసినవాడెవడైనా ఆమె పెట్టెలోంచి ఉత్తరం పంపొచ్చు.”

కాఫీ వచ్చింది. నిజార్ రెండు గుటకల్లో తాగేశాడు. “మీ దగ్గర ఆ ఉత్తరం ఉందిగా మేడమ్. ఒకసారి చదవండి. లోపలి విషయం కాదు, పైన పేరు.”

రౌదా చొక్కా జేబులోంచి మడత కాగితం తీసింది. ఎమ్నా పెట్టెలో దొరికిన ఉత్తరానికి నకలు. ‘నీతో ఒంటరిగా మాట్లాడాలి. ఉప్పుమళ్ళ దగ్గరికి రా. ఫోన్ చెయ్యకు, నా ఫోన్ ఎవరో వింటున్నారు.’ ఈ నాలుగు ముక్కలూ ఆమెకి కంఠతా వచ్చు. పేరు మాత్రం అందరిలాగే చూసీ చూడనట్టు చూసింది. ఇప్పుడు గోరు పెట్టి ఒక్కో అక్షరమే చదివింది.

విదాద్ ఇంటిపేరు గర్సల్లీ. ఇక్కడున్నది గర్సలీ.

“ఒక ‘ఎల్’ తక్కువ,” అంది.

“హమ్మయ్య,” అన్నాడు నిజార్. “నిన్నటినుంచి ఆయనకి చెబుతున్నాను, వినడే. ఇది విదాద్ ఖాతా కాదు. ఆమె పేరులా కనపడాలని ఎవరో చేత్తో తెరిచిన ఖాతా. ఇప్పుడు సర్వర్లో వెతికితే ఆ పేరే లేదు. తెరిచారు, పని కానిచ్చుకున్నారు, చెరిపేశారు.”

“చెరిపింది నువ్వే అంటాడు వజ్దీ.”

“అంటాడు మరి. ఖాతా తెరవాలన్నా చెరపాలన్నా రూట్ పాస్‌వర్డ్ ఉండాలి. ఇంటి యజమాని తాళాలగుత్తి లాంటిదది. అది నాకొక్కడికే తెలుసు.” నిజార్ ఖాళీ కప్పులోకి చూశాడు. “నాకొక్కడికే తెలుసనుకున్నాను.”

“ఆ రోజు పక్కన ఎవరున్నారు?”

“సీ హెష్మీ. ఇంకెవరుంటారు? సంఘం కార్యదర్శి కదా. పేర్లు సరిచూస్తానని నా భుజం పక్కనే కుర్చీ వేసుకున్నాడు. పెద్దాయన ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో చేసి రిటైరయ్యాడు. నాకన్నా ముందునుంచీ ఈ యంత్రాలతో కాపురం చేసిన మనిషి.”

రౌదా నోట్లోని గింజ కొరకడం ఆపింది. హెష్మీ జువారి. అందరూ గౌరవంగా ‘సీ’ అని పిలిచే పెద్దాయన, ఎమ్నాని మట్టి చేసినరోజు అందరికన్నా ఎక్కువ ఏడ్చిన మనిషి. తన జేబురుమాలు ఇచ్చి ఆయన్ని కళ్ళు తుడుచుకోమన్నది రౌదానే. ఆ ఆలోచనని పక్కకి నెట్టింది.

“చెరిపేసినదాన్ని పట్టుకునే దారేమైనా ఉందా?”

“ఉండొచ్చు. యంత్రానికి మన పేర్లతో పనిలేదు మేడమ్. పేరు మన సౌకర్యం కోసం. దానికి మనిషంటే ఒక నంబరు. మొదటి నర్సుకి వెయ్యిన్నొకటి, తర్వాతామెకి వెయ్యిన్నిరెండు, అలా వరసగా పోతాయి. పేరు చెరిపేసినా, ఆ మనిషి వదిలేసిన ఫైలు ఏ మూలనైనా పడి ఉంటే దాని మీద నంబరు అలాగే ఉంటుంది. సొంతదారు పేరు లేకుండా వట్టి నంబరున్న ఫైలు కోసం వెతకండి.”

“వజ్దీకి చెప్పావా ఈ మాట?”

“చెప్పాను. నోరు మూసుకోమన్నాడు.”

*

రౌదా వజ్దీతో కలిసి సంఘం ఆఫీసు మెట్లెక్కుతుంటే హెష్మీ ఎదురొచ్చాడు. అరవై దాటిన మనిషి. బూడిదరంగు కోటు, చేతిలో కారు తాళాలు. ఇద్దర్నీ చూసి ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“వచ్చావా బిడ్డా? నిద్రపోయావా అసలు? మొహం చూడు ఎలా పీక్కుపోయిందో.” రౌదా తలమీద చెయ్యి వేసినంత పని చేశాడు. “లోపల కాఫీ పెట్టించాను. సీ వజ్దీ, మీక్కూడా. నాకు కొంచెం పనుంది, వెళ్ళొస్తాను. పాపం ఆ నిజార్‌ని మరీ ఇబ్బంది పెట్టకండి. చిన్నవాడు, ఏదో ఒత్తిడిలో చేసి ఉంటాడు.”

“చేశాడని మీరూ అనుకుంటున్నారా?” అంది రౌదా.

“నేననుకునేదేముంది బిడ్డా, మీరంతా పెద్ద చదువులు చదివినవాళ్ళు,” అని మెట్లు దిగిపోయాడు.

సర్వర్ ఉన్న గది ఒకప్పుడు సంఘం వంటసామాను పెట్టుకున్న కొట్టు. గోడకి ఇంకా నూనె మరకలున్నాయి. ఒక బల్ల, దానిమీద తెర, కింద బూడిదరంగు పెట్టె, దానికి చల్లగా తగలాలని పెట్టిన ఫ్యాను. కిటికీ లేదు. తలుపుకి తాళం ఉంది, దాన్ని ఎవరూ పగలగొట్టిన గుర్తులు లేవు. రౌదా కుర్చీ కింద వంగి చూసింది, తలుపు బందులు చూసింది, చెత్తబుట్టలోని కాగితం కప్పులు ఏరి చూసింది. దొంగతనంగా ఎవరూ దూరలేదు. వచ్చినవాడు తాళంచెవితోనే వచ్చాడు.

“చేతులు జేబులో పెట్టుకో,” అన్నాడు వజ్దీ. “ముందు డిస్కు నకలు తియ్యాలి. అప్పటిదాకా ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు.”

“ఎంతసేపు?”

“ఎంతసేపైతే అంతసేపు.”

గంట దాటింది. రౌదా కొట్టుకీ వసారాకీ మధ్య తిరుగుతూనే ఉంది. గింజల పొట్టు గుమ్మం దగ్గర కుప్ప పడింది. వజ్దీ రెండుసార్లు ఆ కుప్ప వంక, ఒకసారి ఆమె వంక చూశాడు.

“నీకు కంప్యూటర్లంటే పడదు. ఒప్పుకో,” అన్నాడు.

“నాకు ఆలస్యమంటే పడదు.”

“ఆలస్యం మీ వాళ్ళది. ఆ ఇద్దరు నర్సులకీ కాపలా పెట్టమని మేం రాసి పదిరోజులైంది. ఒకతి పోయింది. రెండోదాన్ని ఎక్కడో దాచి ఎక్కడో చెప్పవు.”

“చెబితే మీ ఆఫీసులో ఎంతమందికి తెలుస్తుంది?”

“మా ఆఫీసు గురించి మాట్లాడకు. నేను వచ్చిన రెండో రోజే మనిషిని పట్టుకున్నాను.”

“ఇద్దర్ని పట్టుకున్నావు. ఒకర్ని వదిలేశావు. రెండోవాణ్ణి కూడా సాయంత్రానికి వదిలేస్తావు.”

నకలు తీయడం అయిపోయినట్టు యంత్రం మోగింది. వజ్దీ తెర ముందు కూర్చున్నాడు. రౌదా వెనకాల నిలబడి, నిజార్ చెప్పినట్టు వట్టి నంబరున్న ఫైళ్ళ కోసం వెతకమంది. వజ్దీ విసుక్కుంటూనే వెతికాడు.

ఒక్కటీ లేదు. ప్రతి ఫైలుకీ సొంతదారు ఉన్నాడు.

“చూశావా?” అన్నాడు. “నీ నిజార్ కథలు చెప్పాడు.”

“ఆదివారం నాటి ఫైళ్ళు చూడు. అందరూ వాడుకునే తాత్కాలిక ఫోల్డరులో. ఉత్తరం రాసింది ఇక్కడ కూర్చునే అయితే చిత్తు ఏదైనా మిగలొచ్చు.”

వజ్దీ తలూపి వేళ్ళు ఆడించాడు. ఏదో తెరిచాడు. చదివాడు. వేళ్ళు ఆగిపోయాయి. కుర్చీ మెల్లిగా తిప్పి ఆమె వైపు చూశాడు. అతని మొహంలో చిరాకు లేదిప్పుడు. అంతకంటే చెడ్డదేదో ఉంది.

“నీ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాస్తావు?”

“ఎందుకు?”

“నువ్వే చూడు.”

తెరమీద ‘నీతో ఒంటరిగా మాట్లాడాలి. ఉప్పుమళ్ళ దగ్గరికి’ అన్నంతవరకే ఉంది. రాస్తూ రాస్తూ మధ్యలో వదిలేసిన చిత్తు. దాని పక్కన సొంతదారు పేరు ఉండాల్సినచోట: రౌదా మెస్తీరి.

పేరులో తప్పు లేదు. ఒక్క అక్షరం తేడా లేదు.

“ఎమ్నాని చంపిన ఉత్తరం చిత్తు నీ పేరుమీద ఉంది,” అన్నాడు వజ్దీ లేచి నిలబడి. గొంతు పెంచలేదు. “రెండో సాక్షి ఎక్కడుందో నీకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పవు. నిజార్‌తో గంటసేపు తలుపేసుకుని మాట్లాడావు. తుపాకీ బల్ల మీద పెట్టు, లల్లా రౌదా.”

ఆమె తుపాకీ తీసి బల్ల మీద పెట్టింది. వాదించలేదు. ఆమె కళ్ళు తెరమీదే ఉన్నాయి.

“ఈ చిత్తు ఎప్పటిది?”

“ఆదివారం సాయంత్రం. ఇంకేం కావాలి?”

“నా పేరుతో ఉన్న ఖాతా ఎప్పుడు తెరిచారో చూడు.”

“అదిప్పుడు అనవసరం.”

“వజ్దీ, తుపాకీ నీ దగ్గరే ఉంది. నేనెక్కడికీ పోను. ఒక్కసారి చూడు.”

అతను నిలబడే నాలుగు అక్షరాలు కొట్టాడు. ఖాతాతో పాటు పుట్టిన ఫోల్డరు తేదీ తెరమీదికి వచ్చింది. దాన్నే రెండోసారి కొట్టాడు. అదే వచ్చింది.

“ఇవాళ పొద్దున. ఎనిమిదింబావు,” అన్నాడు.

“ఇవాళ పుట్టినామె ఆదివారం నాడు ఉత్తరం ఎలా రాసింది?”

వజ్దీ మళ్ళీ తెరవైపు వంగాడు.

“ఆ ఖాతా నంబరెంత?”

“వెయ్యిన్ని మూడువందల పదమూడు.”

“నర్సులు మూడొందల పన్నెండు మంది. వెయ్యిన్ని మూడువందల పన్నెండుతో వరస అయిపోయింది. ఆ తర్వాత వచ్చిన మొదటి దొంగ ఖాతాకి పదమూడు పడింది. పని కాగానే దాన్ని చెరిపేశాడు. పదమూడు ఖాళీ అయింది. ఇవాళ పొద్దున నా పేరుతో మళ్ళీ ఒకటి తెరిచాడు. యంత్రం ఆ ఖాళీ నంబరే దానికిచ్చింది.” రౌదా మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. “ఖాళీ అయిన అద్దెగది లాంటిది వజ్దీ. పాత అద్దెవాడు మర్చిపోయిన చెప్పులు గదిలోనే ఉన్నాయి. కొత్తగా దిగినామెవి అనుకుంటున్నావు నువ్వు.”

వజ్దీ కుర్చీలో కూర్చున్నాడు. ఆ నంబరు మీద వేలు పెట్టి తేదీలు మళ్ళీ సరిచూసుకున్నాడు. తెలివితక్కువవాడు కాదు. అర్థమయ్యాక అతని మెడ మీద చెమట పట్టడం ఆమెకి కనిపించింది.

“ఎనిమిదింబావుకి నిజార్ ఎక్కడున్నాడు?” అంది ఆమె.

“మన గదిలో.”

“నిన్న సాయంత్రం వాణ్ణి పట్టుకున్నాక ఈ యంత్రం రూట్ పాస్‌వర్డ్ మార్చావా?”

“మార్చాను. మార్చకుండా ఎలా ఉంటాను?”

“కొత్తది ఎవరికిచ్చావు?”



“పొద్దున్నే లేస్తే మూడొందలమంది ఫోన్లు చేస్తారన్నాడు,” అన్నాడు వజ్దీ. “సంఘం పని ఆగకూడదన్నాడు. పెద్దాయన. నాకు రాత్రి భోజనం కూడా ఇంటినుంచి తెప్పించాడు.”

“హెష్మీ.”

“హెష్మీ.”

“ఆయనకీ మత్తుమందుకీ ఏంటి సంబంధం?”

వజ్దీ కళ్ళు తిప్పుకున్నాడు. “ఆ క్లినిక్‌కి మందు సరఫరా చేసిన కంపెనీ ఆయన అల్లుడిది. మా ఫైల్లో ఉంది. చుట్టరికం ఉన్నంతమాత్రాన అనుమానించడమెందుకని పక్కన పెట్టాను.”

“ఎన్నాళ్ళయింది ఆ ఫైలు నీ దగ్గర?”

“వారం.”

“నాతో ఒక్క ముక్క అనలేదు.”

“నువ్వు జుహైనా ఎక్కడుందో నాతో అన్నావా?”

జుహైనా ఎక్కడుందో రౌదా వజ్దీకి చెప్పలేదు. మేజిస్ట్రేటుకి తప్ప పోలీసుల్లో ఎవరికీ చెప్పలేదు. కానీ శ్మశానం గేటు దగ్గర తన జేబురుమాలుతో కళ్ళు తుడుచుకుంటూ, ‘ఆ రెండో బిడ్డయినా క్షేమంగా ఉందా’ అని వణుకుతున్న గొంతుతో అడిగిన ముసలాయనకి చెప్పింది. మహ్రెస్‌లో, పిన్ని ఇంట్లో, భయపడకండి అని భుజం తట్టి మరీ చెప్పింది.

“ఆ ఖాతా లోంచి ఉత్తరాలేమైనా వెళ్ళాయేమో చూడు,” అంది.

ఒకటి వెళ్ళింది. ఖాతా తెరిచిన కాసేపటికే. జుహైనాకి.

‘జుహైనా, నీ చోటు బయటపడింది. సీ హెష్మీ కారు తీసుకుని వస్తాడు, ఆయనతో వెళ్ళు. ఎమ్నా తల్లి ఇంట్లో నిన్ను ఎవరూ వెతకరు. దారిలో ఎవరికీ ఫోన్ చెయ్యకు. రౌదా.’

వజ్దీ తుపాకీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఇద్దరూ మెట్లు దిగడం కాదు, దూకారు. కారు తాళం అతని దగ్గరుంది. తలుపు వేసేలోపే బండి కదిలింది.

“మహ్రెస్ రోడ్డా?” అన్నాడు.

“మహ్రెస్ వెళ్ళి వచ్చేసే ఉంటాడు. మనం ఆ కొట్టులో రెండుగంటలు కూర్చున్నాం.” ఆమె నంబరు నొక్కుతూనే ఉంది. “ఎమ్నా తల్లిది కెర్కెన్నా దీవి, కార్లు ఎక్కించుకునే పెద్ద పడవలో పోవాలి. రేవు వైపు పోనీ.”

ఫోన్ మోగుతోంది. మోగుతోంది. ఎవరికీ ఫోన్ చెయ్యకు అన్న ఉత్తరాన్ని ఆ పిల్ల నమ్మితే ఎత్తకపోవచ్చు. తన నంబరు చూస్తే ఎత్తాలి.

“హలో మేడమ్?” జుహైనా గొంతు తేలిగ్గా ఉంది. “ఫోన్ చెయ్యొద్దని మీరే రాశారు కదా.”

“హెష్మీ పక్కనున్నాడా?”

“లేడు. హెష్మీ బాబాయ్ టీ తేవడానికి పైకెళ్ళాడు. నేను కార్లోనే ఉన్నాను.”

“కారెక్కడుంది?”

“పడవలో. ఇందాకే వెనక తలుపు ఎత్తేశారు. ఏమైంది మేడమ్?”

ఆ మాట వెనకే లోతుగా, పొడుగ్గా పడవ కూత వినిపించింది. ఫోన్లోనూ వినిపించింది, కారు అద్దంలోంచీ వినిపించింది. వజ్దీ ఒక చేత్తో బండి నడుపుతూ రెండో చేత్తో రేవు ఆఫీసుకి ఫోన్ కలిపాడు. అవతలివాళ్ళ మాట విని ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. పడవ గట్టు వదిలేసింది. కెర్కెన్నాకి గంట పైన ప్రయాణం.

“జుహైనా, జాగ్రత్తగా విను. ఆ ఉత్తరం నేను రాయలేదు. ఎమ్నాకి వచ్చిన ఉత్తరం, నీకొచ్చిన ఉత్తరం రాసింది ఒక్కడే. నువ్వు ఇప్పుడు అతని కార్లోనే కూర్చున్నావు.”

రౌదా ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కింది.

“జుహైనా.”

“వింటున్నాను.”

“కారు దిగి జనం ఉన్నచోటికి వెళ్ళు. ఆడవాళ్ళు కూర్చునే వైపు. పడవవాళ్ళకి మేం చెబుతాం. అతను ఎక్కడికి రమ్మన్నా వెళ్ళకు. రెయిలింగ్ దగ్గరికి అసలు వెళ్ళకు.”

“మేడమ్,” అంది జుహైనా, పెదవులు కదపకుండా మాట్లాడుతున్నట్టు. “మెట్లు దిగి వస్తున్నాడు. రెండు గ్లాసులు పట్టుకుని. నన్ను చూశాడు.”

“నవ్వు. నేనేదో తమాషా చెప్పానన్నట్టు నవ్వు. వెంటనే.”

ఒక్క క్షణం పట్టింది. తర్వాత నవ్వింది. బల్ల మీద పడుకోబెట్టిన రోగికి ధైర్యం చెప్పడానికి థియేటర్ నర్సులు ఎలా నవ్వుతారో అలా, చక్కగా, ఎక్కడా తడబడకుండా నవ్వింది. రౌదా వేళ్ళు సీటు అంచుని పట్టుకున్నాయి. కారు తలుపు తీసిన చప్పుడు, గ్లాసుల చప్పుడు, తర్వాత ఆ మెత్తని గొంతు.

“ఎవరు బిడ్డా ఫోన్లో?”

“మా అమ్మ, బాబాయ్,” అంది జుహైనా. “ఎప్పుడొస్తావని అడుగుతోంది.”

రౌదా కళ్ళు మూసుకుంది. జుహైనా పిన్ని ఇంట్లో తలదాచుకోవడానికి కారణమే ఇంట్లో తల్లి లేకపోవడం. ఆమె చనిపోయి ఏడాదిన్నర అయింది. ఆ వార్త ఊరంతా చెప్పి, సంఘం తరఫున అందర్నీ వెంటబెట్టుకుని వచ్చి, చివరిదాకా పక్కన నిలబడింది హెష్మీ జువారి.

“అలాగా,” అన్నాడు హెష్మీ. “ఏదీ, ఇలా ఇవ్వు బిడ్డా. నేనూ పలకరిస్తాను.”